హాజరు వేరు, విశ్వాసం వేరు
సెటిల్‌మెంట్ల చరిత్ర నుంచి మన యువతకు నాలుగు మాటలు

పై చదువులకు ఊరు దాటిన మన ఎరుకల పిల్లలకు ఎక్కడో ఒకచోట ఈ మాట తగులుతుంది: "మీ తాతలు బియ్యానికీ భూమికీ చర్చికి వెళ్లినవాళ్లేగా!" బయటివాళ్లే కాదు, మనలో మనమూ అనుకుంటాం. జాతరకు వెళ్లే ఇంటివాళ్లు చర్చికి వెళ్లే ఇంటివాళ్లను "దొరల మతం పట్టారు" అంటారు. చర్చికి వెళ్లేవాళ్లు తమలోనే కొందరిని "నామకార్థ క్రైస్తవులు" అని పక్కన పెడతారు. పేరుకు మాత్రమే క్రైస్తవులు, లోపల ఏమీ లేదు అని దాని అర్థం. పెళ్లి సంబంధాల దగ్గర, చావు కార్యాల దగ్గర ఈ మాటలు పెద్దవై బంధువులను విడదీయడం మీరు చూసే ఉంటారు.

ఈ మాటలకు కోపంతో జవాబు చెప్పడం తేలిక. చరిత్ర తెలుసుకుని చెప్పడం కొంచెం కష్టం, కానీ ఆ జవాబే నిలబడుతుంది. అందుకే ఈ సంచిక కోసం ఈ విషయం ఎంచుకున్నాను. పైకి మతాచారం పాటించి లోపల విశ్వాసం లేకపోవడం ఎలా మొదలవుతుంది? ఆ తప్పు పాటించినవాడిదా, పాటించేలా చేసినవాడిదా? మన సెటిల్‌మెంట్ల కథకు రాకముందు కొంచెం దూరం తిరిగి వద్దాం.

వేషధారి అనే మాట

పైపై భక్తిని తప్పు పట్టింది ముందుగా క్రైస్తవ ద్వేషులు కాదు. ఆ మందలింపు బైబిలులోనే ఉంది. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో యేసు, నలుగురూ చూడాలని వీధి మూలల్లో నిలబడి ప్రార్థించేవాళ్లలా ఉండవద్దని, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమని చెబుతాడు. అక్కడ తెలుగు బైబిలులో వాడిన మాట "వేషధారులు". మూలంలో ఉన్న గ్రీకు మాటకు నాటకంలో వేషం కట్టేవాడు అని అర్థం. మన వీధి భాగవతాలు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. రాముడి వేషం కట్టినవాడు రాముడు కాడు. తెల్లవారితే రంగు కడుక్కుని పనికి పోతాడు.

అయితే భాగవతంలో వేషగాడు తన ఇష్టంతో, తన కళ కోసం రంగు పూసుకుంటాడు. ఇంకొకరు బలవంతంగా పూస్తే? పూసుకోకపోతే అన్నం లేదు, పదవి లేదు, ప్రాణం లేదు అంటే? చరిత్రలో ఎక్కువసార్లు జరిగింది ఈ రెండోదే.

కత్తి కింద బాప్తిస్మం

జర్మనీ ఉత్తర ప్రాంతంలో ఒకప్పుడు సాక్సన్లు అనే తెగల వాళ్లు ఉండేవాళ్లు. వాళ్లకు తమ దేవతలు, తమ పవిత్ర స్తంభాలు, తమ దహన సంస్కారాలు ఉండేవి. ఫ్రాంకుల రాజు షార్లమేన్ 772లో వాళ్ల మీద యుద్ధం మొదలుపెట్టి, మొదటి దండయాత్రలోనే ఇర్మిన్‌సుల్ అనే వాళ్ల పవిత్ర స్తంభాన్ని కూల్చాడు. ఆ యుద్ధాలు 804 వరకు, 30 ఏళ్లకు పైగా, ఆగుతూ సాగాయి. 782లో వెర్డెన్ దగ్గర ఒక్కరోజే 4,500 మంది సాక్సన్లను చంపించినట్టు ఆ రాజుల వృత్తాంతాల్లోనే రాసి ఉంది. 785లో వాళ్ల నాయకుడు విడుకింట్ లొంగిపోయి బాప్తిస్మం తీసుకున్నాడు.

ఆ కాలంలోనే సాక్సన్ల కోసం ఒక చట్టం చేశారు. బాప్తిస్మం తప్పించుకుని దాక్కుంటే మరణశిక్ష. చనిపోయినవాళ్లను పాత పద్ధతిలో దహనం చేస్తే మరణశిక్ష. ఉపవాస దినాల్లో క్రైస్తవాన్ని ధిక్కరించి మాంసం తింటే మరణశిక్ష. దీనికి తోడు చర్చికి దశమభాగం, అంటే పంటలో పదో వంతు కట్టాలి.

దీన్ని తప్పు అన్నది ఎవరు? షార్లమేన్ కొలువులోనే పెద్ద పండితుడైన ఆల్క్విన్. ఆయన క్రైస్తవ గురువు. 796లో రాసిన ఉత్తరాల్లో ఆయన ఒక గట్టి వాదన చేశాడు. మనిషిని బాప్తిస్మం దాకా ఈడ్చుకుపోవచ్చు, విశ్వాసం దాకా ఈడ్చుకుపోలేరు. విశ్వాసం ఇష్టంతో పుట్టాలి. ముందు నేర్పాలి, తర్వాత నీళ్లు. దశమభాగం కోసం పీడించడం వల్లనే సాక్సన్ల విశ్వాసం చెడిందని కూడా ఆయన రాశాడు. 797లో సాక్సన్ల చట్టాన్ని కొంత మెత్తబరిచారు.

1,200 ఏళ్ల కిందటి ఈ గొడవలో సాక్సన్ రైతును "దొంగ క్రైస్తవుడు" అనడానికి మనకు మనసొప్పుతుందా? మెడ మీద కత్తి ఉన్నవాడు తల వంచాడు. ఆ వంచిన తలలో ఏముందో కత్తి పట్టినవాడికి తెలిసే దారి లేదు. తనకు ఆ దారి లేకుండా చేసుకున్నది ఆ కత్తే.

జరిమానా, పదవి, ప్రభువు బల్ల

ఇక మనల్ని పాలించిన ఇంగ్లండు సంగతి. 1559 చట్టం ప్రకారం ఆదివారం తమ ఊరి చర్చికి రాని ప్రతి మనిషికీ 12 పెన్నీల జరిమానా. 1581లో దాన్ని నెలకు 20 పౌండ్లు చేశారు. అప్పట్లో అది మామూలు కుటుంబాన్ని నేలకూల్చే మొత్తం. దీంతో ఏమైంది? పాత కేథలిక్ మతాన్ని మనసులో ఉంచుకున్నవాళ్లు ఎందరో ఆదివారం వచ్చి కూర్చుని, హాజరు వేయించుకుని వెళ్లేవాళ్లు. వాళ్లకు ఒక ఎగతాళి పేరు కూడా పెట్టారు. చర్చికి వచ్చే పోపు మనుషులు అని.

1673లో ఇంకో చట్టం వచ్చింది. ప్రభుత్వంలో ఉద్యోగం కావాలంటే ఇంగ్లండు చర్చి పద్ధతిలో ప్రభు భోజనం తీసుకోవాలి. క్రైస్తవులకు అతి పవిత్రమైన ఆ రొట్టె, ద్రాక్షరసం ఉద్యోగానికి కావలసిన సర్టిఫికెట్ అయిపోయింది. వేరే పద్ధతిలో ఆరాధించే డిసెంటర్లు కొందరు ఏడాదికి ఒకసారి ఆ బల్ల దగ్గరకు వచ్చి, పదవి తీసుకుని, మర్నాటి నుంచి తమ సభకే వెళ్లేవాళ్లు. 1697లో లండన్ మేయరు హంఫ్రీ ఎడ్విన్ అధికార చిహ్నాలతోనే డిసెంటర్ల సభకు వెళితే నగరమంతా గగ్గోలు పుట్టింది. 'రాబిన్సన్ క్రూసో' రాసిన డేనియల్ డీఫో తాను కూడా డిసెంటరే. ఆయన మరుసటి ఏడాది ఒక చిన్న పుస్తకం రాసి తనవాళ్లనే నిలదీశాడు. మనస్సాక్షి కోసం వేరుపడినవాళ్లు పదవి కోసం తిరిగి రావడం ఏమిటని ఆయన ప్రశ్న.

ఈ అలవాటును ఆపడానికి 1711లో చట్టం చేశారు, 1719లో తీసేశారు. అసలు షరతు మాత్రం 1828 దాకా ఉండిపోయింది. అంటే 150 ఏళ్లకు పైగా ఒక రాజ్యం తన మనుషులకు పైపై భక్తిని చట్టం పెట్టి మరీ నేర్పింది. సాక్సన్ల దగ్గర భయం చేసిన పని ఇక్కడ జరిమానా, జీతం చేశాయి.

కరువులో ఒంగోలు

ఇప్పుడు మన గడ్డకు వద్దాం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. ఆయన దగ్గరకు ఎక్కువగా వచ్చింది మాదిగలు. వాళ్లలో మొదటి పెద్ద బోధకుడు ఎర్రగుంట్ల పేరయ్య. చేరినవాళ్లకు చెప్పిన నియమాలు మూడు: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. వెట్టి చేసే మనిషి ఆదివారం పనికి రానంటే ఊరి పెద్దలతో ఏమవుతుందో మీరు ఊహించగలరు. కాబట్టి ఆ తొలి రోజుల్లో చేరడం వల్ల లాభం కంటే దెబ్బలే ఎక్కువ.

తర్వాత 1876-78 మహా కరువు వచ్చింది. మద్రాసు రాజధానిలో లక్షల మంది చనిపోయారు. కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్వుతుంటే, అందులో మూడున్నర మైళ్ల పని క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేల మందికి కూలి దొరికింది. కూలికి వచ్చినవాళ్లు సాయంత్రం బోధ విని బాప్తిస్మం ఇమ్మని అడిగారు. అప్పుడు ఆయన చేసిన పని మనం జాగ్రత్తగా గుర్తుపెట్టుకోవాలి. బాప్తిస్మాలు ఆపేశాడు. సుమారు 15 నెలలు ఎవరికీ ఇవ్వలేదు. తిండి తన చేతిలో ఉన్నంతకాలం అడిగేవాడి మనసు తనకు తెలియదని ఆయనకు అర్థమైంది.

కరువు సాయం ముగిసిన తర్వాత కూడా జనం వచ్చారు. 1878 జులై 3న ఒంగోలుకు దగ్గరలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి ఇచ్చారు. అంతమందిలో ప్రతి ఒక్కరి మనసూ ఒకేలా ఉందని ఎవరూ చెప్పలేరు. కొందరికి కృతజ్ఞత, కొందరికి అంటరానితనం నుంచి బయటపడే ఆశ, కొందరికి బంధువులంతా వెళ్లారన్న ధైర్యం, కొందరికి గాఢమైన నమ్మకం. ఒకే మనిషిలో ఈ నాలుగూ ఉండవచ్చు కూడా. అయినా "బియ్యానికి మారారు" అన్న మాట వాళ్ల మీద పడకుండా ఉండలేదు. ఆ మాట అనేవాళ్లు ఆ 15 నెలల నిరీక్షణ సంగతి చెప్పరు.

మన తాతల సెటిల్‌మెంట్లు

ఇక మన కథ. మన పూర్వులు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరం నుంచి లోపలి ఊళ్లకు తిరిగి అమ్మేవాళ్లు. ఉప్పు ఎరుకల అనే పేరు అలా వచ్చిందే. దబ్బలు చీల్చి బుట్టలు అల్లినవాళ్లు, పందులు మేపినవాళ్లు, ఊరూరా తిరిగి ఎరుక చెప్పినవాళ్లు ఉన్నారు. రైలు వచ్చింది, ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చింది, ఎద్దు మీద సరుకు మోసే వ్యాపారం పడిపోయింది. తిరిగే మనిషి అంటేనే అనుమానించే ప్రభుత్వానికి, పని పోయి తిరిగే మనిషి నేరస్థుడిగా కనిపించాడు.

1871లో ఉత్తర భారతంలో పెట్టిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో కొత్తగా రాసి మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. పుట్టుకతోనే నేరస్థులు అన్న ముద్ర అది. పేర్లు రిజిస్టరులో ఎక్కించారు, వేలిముద్రలు తీసుకున్నారు. ప్రభుత్వం తలచుకుంటే ఒక తెగను మొత్తంగా సెటిల్‌మెంటులో పెట్టవచ్చు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి ప్రత్యేక బడుల్లో ఉంచవచ్చు. చెప్పకుండా బయటకు వెళితే పట్టుకొచ్చి శిక్షించవచ్చు.

ఆ సెటిల్‌మెంట్లు నడపడానికి ప్రభుత్వం కొన్నిచోట్ల క్రైస్తవ సంస్థలను పిలిచింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం, కృష్ణ ఒడ్డున సీతానగరం రక్షణ సైన్యం, అంటే సాల్వేషన్ ఆర్మీ చేతికి వచ్చాయి. స్టూవర్టుపురానికి ఆ పేరు మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి సర్ హెరాల్డ్ స్టూవర్టు మీద పెట్టారు. కావలి సెటిల్‌మెంటు అమెరికన్ బాప్టిస్టుల చేతికి వెళ్లింది. అంటే ఒంగోలులో బాప్తిస్మాలు ఆపిన ఆ మిషన్ వాళ్లే.

నేను హాస్టల్ వార్డెన్‌ని. రోజూ రాత్రి రిజిస్టరు పట్టుకుని పేర్లు పిలుస్తాను. ఆ రిజిస్టరు నాకు ఏం చెబుతుందో, ఏం చెప్పదో బాగా తెలుసు. పిల్ల గదిలో ఉందని చెబుతుంది. పుస్తకం ముందు కూర్చున్న పిల్ల చదువుతోందో, ఇంటి మీద బెంగతో ఉందో చెప్పదు. ఉదయం అసెంబ్లీలో అందరూ కళ్లు మూసుకుంటారు. ఎవరు ప్రార్థిస్తున్నారో, ఎవరు టిఫిన్ ఉప్మానా పులిహోరా అని ఆలోచిస్తున్నారో నాకు తెలియదు. తెలుసుకోవాలని కర్ర పట్టుకుని నిలబడితే, ఇంకా గట్టిగా కళ్లు మూసుకుంటారు. అంతకు మించి ఏమీ జరగదు.

సెటిల్‌మెంటులో జరిగింది ఇదే, చాలా పెద్ద ఎత్తున. పేరు పిలిచేది, బయటకు వెళ్లడానికి చీటీ ఇచ్చేది, పని చూపించేది, పిల్లలకు బడి పెట్టేది, ఆదివారం పాట పాడించి ప్రార్థన చేయించేది అంతా ఒకే చేయి. ప్రార్థనకు రాకపోతే శిక్ష అని ఎక్కడా రాసి ఉండనక్కర్లేదు. రేపు కూతురి పెళ్లికి పక్క జిల్లాకు వెళ్లడానికి చీటీ కావలసిన తండ్రి, ఈరోజు ఆరాధనలో ముందు వరుసలో కూర్చోవడమే తెలివైన పని అని తనంతట తానే గ్రహిస్తాడు. అతను మోసగాడా? నన్నడిగితే, అతను తండ్రి.

ఆ చేతితో మేలు జరగలేదా అంటే జరిగింది. భూమి సాగులోకి వచ్చింది, అక్షరాలు వచ్చాయి, వైద్యం వచ్చింది. పోలీసుల దెబ్బల కంటే ఆ నీడ నయమని అనుకున్నవాళ్లు ఉన్నారు. అక్కడి అధికారుల్లో మనవాళ్లను ప్రేమగా చూసినవాళ్లు లేరని చెప్పడం కూడా అన్యాయమే. కానీ చీరాల పొగాకు కంపెనీకి కూలీలుగా వెళ్లినా, సెటిల్‌మెంటు పొలంలో పని చేసినా, "నేను రాను" అనే స్వేచ్ఛ వాళ్లకు లేదు. "రాను" అనలేని చోట "వస్తాను" అన్న మాటకు బరువు ఉండదు.

తమ మాట తామే మరిచినవాళ్లు

ఇందులో ఒక విచిత్రం ఉంది. రక్షణ సైన్యాన్ని స్థాపించిన విలియం బూత్ మొదట మెథడిస్టు బోధకుడు. 1865లో లండన్ పేదవాడల్లో పని మొదలుపెట్టాడు. 1878లో ఆ సంస్థకు రక్షణ సైన్యం అనే పేరు వచ్చింది. 1883లో ఆయన ఒక సాహసం చేశాడు. తన సంస్థలో బాప్తిస్మాన్నీ ప్రభు భోజనాన్నీ పక్కన పెట్టేశాడు. దానికి చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది, జనం లోపలి మార్పును వదిలేసి పైకి కనిపించే ఆచారాన్ని పట్టుకుంటున్నారన్న భయం. ఆయన భార్య కేథరీన్‌కు ఈ భయం ఇంకా ఎక్కువ. నేటికీ ఆ సంస్థలో బాప్తిస్మం ఇవ్వరు.

భారతదేశంలో ఆ సంస్థ పని మొదలుపెట్టిన ఫ్రెడరిక్ బూత్ టక్కర్ ఐసీఎస్ ఉద్యోగం వదులుకుని వచ్చినవాడు. 1882లో బొంబాయిలో దిగి, కాషాయ బట్టలు కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకుని, చెప్పులు లేకుండా తిరిగాడు. పైపై ఆచారాలను అంతగా అనుమానించిన సంస్థ, ఉద్యోగాన్ని కాలదన్ని వచ్చిన మనిషి, చివరికి 1908లో గోరఖ్‌పూర్‌తో మొదలుపెట్టి సెటిల్‌మెంట్ల తాళంచెవి చేత పట్టుకున్నారు. చర్చిలో నీళ్లు చిలకరించడం కూడా వద్దనుకున్నవాళ్లు, హాజరు పట్టీ కంటే పెద్ద బాహ్యాచారం లేదన్న సంగతి గమనించలేదు. మంచి ఉద్దేశం ఉన్నంత మాత్రాన మంచి ఏర్పాటు అయిపోదని దీనివల్ల తెలుస్తుంది. క్లౌ తన చేతిలో తిండి ఉందని గ్రహించి ఆగాడు. వీళ్లు తమ చేతిలో గేటు ఉందని గ్రహించి ఆగలేదు.

గేటు తెరిచాక

1947లో మద్రాసు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ రోజునే విముక్త దినంగా జరుపుకుంటున్నాం. ఆ తర్వాత ఏం జరిగిందో చూస్తేనే మన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

గేటు తెరిచాక కొందరు వెళ్లిపోయారు, మళ్లీ తమ దేవతల దగ్గరకు వెళ్లారు. కొందరు రెండూ ఉంచుకున్నారు. కొందరు అక్కడే ఉండి, ఎవరూ పేరు పిలవకపోయినా ఆదివారం గంట కొట్టగానే గుడికి వెళ్లారు. వాళ్ల మనవలు నేటికీ వెళుతున్నారు. గాంధేయ నాస్తికుడు గోరా కుమారుడు లవణం, ఆయన భార్య హేమలత స్టూవర్టుపురంలో సంస్కరణ పని చేసినప్పుడు, దేవుడి ప్రసక్తి లేకుండానే నమ్మకం కూడగట్టారు. ఆ హేమలత మహాకవి గుర్రం జాషువా కుమార్తె. జాషువా క్రైస్తవ కుటుంబంలో పుట్టి హిందూ పురాణ కథల మీద పద్యాలు రాసినందుకు సొంత మతం వాళ్ల చేత వెలివేతకు గురై, ఆ తర్వాత 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు. ఆయన మనసును ఏ హాజరు పట్టీలో ఎక్కించగలం?

కాబట్టి నేను అనుకునేది ఇది. మనిషి విశ్వాసం మనిషికి కనిపించేది, వెళ్లిపోయే దారి తెరిచి ఉన్నప్పుడు మాత్రమే. ఒంగోలులో సాయం ఆగిన తర్వాత వచ్చినవాళ్లకూ, 1947 తర్వాత గేటు తెరిచినా ఆగినవాళ్లకూ "బియ్యానికి మారారు" అన్న మాట వర్తించదు. గేటు మూసి ఉన్నప్పుడు కూర్చున్నవాళ్ల గురించి తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు. బతకడానికి వాళ్లు చేసింది వాళ్లు చేశారు. ఆ బతుకు వల్లే మనం ఉన్నాం.

కాగితం మీద మతం

ఇదంతా పాత కథ అనుకోకండి. పైపై మతం నేడు సర్టిఫికెట్లలో ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వాళ్లకే ఎస్సీ హోదా. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. క్రైస్తవులైతే ఆ హోదా పోతుంది. ఎస్టీలకు మతం షరతు లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎరుకల ఎస్టీలు కాబట్టి మన పిల్లలు చర్చికి వెళ్లినా జాతరకు వెళ్లినా ఆ హోదాకు ఇబ్బంది లేదు. కానీ మనకు బంధుజాతి అయిన కొరమ, కొరచ వాళ్లు కర్ణాటకలో ఎస్సీలు. అక్కడ చర్చికి వెళ్లే ఇంట్లో పిల్లవాడు కాగితం మీద ఒకటి, మనసులో ఒకటి రాసుకోవలసిన పరిస్థితి వస్తుంది. అదే మనిషి సరిహద్దు ఇవతల పుడితే దాచవలసింది ఏమీ ఉండేది కాదు.

2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, నిజమైన నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే మతం మారామని చెప్పడం రాజ్యాంగాన్ని మోసగించడమే అంది. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ నమ్మకాన్ని కాగితంతో ముడిపెట్టిన ప్రతిచోటా, 1673 నాటి ఇంగ్లండులో లాగే, కాగితం కోసం వేషం కట్టే అవసరం పుడుతుంది. ఇది న్యాయమూర్తులూ చట్టసభలూ తేల్చవలసిన పెద్ద చర్చ. మీరు దాన్ని తెలుసుకుని ఉండాలి.

మీకు చెప్పదలచుకున్నది

మొదటిది, పైపై ఆచారం క్రైస్తవానికి మాత్రమే పట్టిన తెగులు కాదు. నాంచారమ్మ జాతరలో దండం పెట్టేటప్పుడు కళ్లు అమ్మవారి మీద కాక సెల్‌ఫోన్ మీద ఉంటే అదీ హాజరే. కుర్రు భాషలో నాలుగు మాటలు రాకుండా "మన సంస్కృతి" అని స్టేటస్ పెట్టుకుంటే అదీ వేషమే. ఎదుటివాడి గుడిని అనుమానించే ముందు మన మొక్కును మనం చూసుకోవాలి.

రెండోది, మీలో రేపు ఉపాధ్యాయులు, వార్డెన్లు, సంఘ నాయకులు, పాస్టర్లు అయ్యేవాళ్లు ఉంటారు. మీ చేతిలో తిండి, సీటు, సంతకం, సిఫారసు ఏది ఉన్నా, ఆ చేతితోనే ఎవరి చేతా ప్రార్థన చేయించకండి, మొక్కు మొక్కించకండి. అలా చేయిస్తే మీకు దక్కేది వంగిన తల ఒక్కటే.

మూడోది, ఇప్పుడే చేయవలసిన పని. సెటిల్‌మెంటు రోజులు చూసినవాళ్లు మన ఊళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు. వాళ్ల పిల్లలకు విన్న మాటలు గుర్తున్నాయి. ఈ సెలవుల్లో వాళ్ల దగ్గర కూర్చోండి. ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చా అని ముందుగా అడగండి. పేరు ఎవరు పిలిచేవాళ్లు? చీటీ ఎలా దొరికేది? ఆదివారం ఏం జరిగేది? ఇంట్లో రహస్యంగా ఏ అమ్మవారికి దీపం పెట్టేవాళ్లు? గేటు తెరిచిన తర్వాత మీరు ఎటు వెళ్లారు, ఎందుకు? చివరి ప్రశ్న అడిగి ఊరుకోండి. వాళ్లు ఎంతసేపు మౌనంగా ఉంటే అంతసేపు ఆగండి. చర్చికి వెళ్లే అవ్వ దగ్గరకు జాతర ఇంటి పిల్లలు, జాతర చేసే తాత దగ్గరకు చర్చి ఇంటి పిల్లలు వెళితే ఇంకా మంచిది.

రాసిన చరిత్రలో మనవాళ్లు వేలిముద్రలుగా, నంబర్లుగా, హాజరు గీతలుగా ఉన్నారు. వాళ్ల మనసులో ఏముందో ఆ రిజిస్టర్లలో లేదు. అది అడిగి రాసుకోగలిగింది ఇప్పుడు మీరే.